స్విచ్‌కు బొట్టు

రెండువేల తొలినాళ్లలో, మహదేవపురలోని ఓ కంపెనీ సర్వర్ రూమ్‌లో నేను ఒక్కదాన్నే బిగించిన మొదటి స్విచ్ అది. సర్వర్లకూ డిస్కుల పెట్టెకూ మధ్య ఉండి డేటాను అటూ ఇటూ పంపే పరికరం. దాన్ని ఇనుప ర్యాక్‌లోకి ఎక్కించి, ఒక్కో స్క్రూనూ రెండేసిసార్లు బిగించి చూసుకున్నాను. అప్పటికింకా నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. ఇది చెడితే ఇంటికే.

ఆన్ చెయ్యబోతుంటే అక్కడి మేనేజర్ ఆపారు. ఈ కన్నడ ఊళ్లోనే, కాటన్‌పేటలో తరాలుగా స్థిరపడిన తెలుగువారాయన. చేతిలో కుంకుమ భరిణె. పూజ కానిదే కొత్త మెషిన్‌కు కరెంటు ఇవ్వనివ్వరట. పొగకు అలారం మోగుతుందని అగరుబత్తి మాత్రం మానుకున్నారు, అదే పదివేలు. కేబుళ్లు పెట్టే రంధ్రాలకు దుమ్ము పోకుండా రబ్బరు మూతలున్నాయి.

"మొగం మూసిపెట్టి పూజ చేస్తారామ్మా ఎవురన్నా?" అంటూ అన్నీ పీకేశారు.

వద్దనాలని నోటిదాకా వచ్చింది. కానీ నా మెడలో సిలువ ఉంది. ఈ పిల్లకు మన పూజలంటే పడదు అనుకుంటారేమోనని భయం. చేతులు కట్టుకుని నిలబడ్డాను. కుంకుమ, అక్షింతలు ధారాళంగా పడ్డాయి.

తర్వాత వెలుగుతో డేటాను పంపే గాజుతీగ కేబుళ్లు పెట్టి ఆన్ చేశాను. లింక్ కుదిరితే ఆకుపచ్చ లైటు రావాలి, రాలేదు. కేబుల్ మార్చాను, సర్వర్ రీస్టార్ట్ చేశాను. అంత చలిగదిలోనూ వీపంతా చెమట. ఇంతలో మా బాస్ ఫోన్.

"ఇంకా లింక్ రాలేదా? సాయంత్రంలోపు రాకపోతే వేరేవాళ్లని పంపిస్తా. నువ్వొచ్చి హెచ్‌ఆర్‌ని కలువు."

ప్రభువా అనుకుంటూ కేబుల్ ఊడదీసి, దాని గాజు కొసను స్పిరిట్ అద్దిన తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డ మీద ఎర్రటి మరక. వెలుగు వెళ్లే దారిలో కుంకుమ కూర్చుంది.

"ఏమైంది తల్లీ?" మేనేజర్ నా వెనకే ఉన్నారు.

గుడ్డను గుప్పెట్లో దాచి, "దుమ్ము సార్" అన్నాను.

ఆయన చెయ్యి చాపారు. ఇవ్వక తప్పలేదు. మరకను వేలితో తాకి, తన భరిణెకేసి చూశారు. నేను సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి రంధ్రాలు తుడుస్తుంటే పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డారు. మళ్లీ ఆన్ చేశాక లైట్లు ఒక్కొక్కటే ఆకుపచ్చగా వెలిగాయి.

బాస్ మళ్లీ ఫోన్ చేశాడు. ఆలస్యం ఎందుకైందని అడుగుతుంటే మేనేజర్ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"లింక్ వచ్చేసినాదప్పా. దుమ్ము మాదే. ఆయమ్మ తప్పేమీ లేదు, బాగా చేసుండాది."

ఫోన్ నా చేతికిచ్చి భరిణె జేబులో వేసుకున్నారు. "ఇంకో స్విచ్ వచ్చేది ఉండాది. మూతలు ఎప్పుడు తీయాల్నో నువ్వే చెప్పు తల్లీ" అన్నారు.

అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చేసింది.