గుమ్మం అంచున పసుపు

ట్రాముల డిపోలో రంగుల షెడ్డంతా ఆమెను టేపమ్మ అనే పిలుస్తుంది. రంగు కొట్టే ముందు అంచుల వెంట కాగితం టేపు అంటించడంలో ఆమె చెయ్యి అంత కుదురు. ఊపిరి బిగబట్టి బండి పొడవునా అంటించుకుంటూ పోతుంది. మధ్యలో ఎవరు పలకరించినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఈమధ్య ఆ చేతికి కుదురు తప్పింది. పాత ట్రాములకు మీగడ రంగు ఒళ్లు, పసుపు తలుపులు, పసుపు గుమ్మాలు. ఇప్పుడు వాటికే వేస్తున్న కొత్త డిజైనులో తలుపులతో సహా అంతా బూడిదరంగే. గులకరాయిలా నున్నగా ఉందని ఆమెకూ ముచ్చటేసింది. కానీ ఇంట్లో అక్క ఉంది. చూపు మసక. అయినా బట్టల కొట్లో బొత్తాలు కుట్టడానికి రోజూ ఒక్కతే ట్రాములో వెళ్తుంది. పసుపు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎక్కుతుంది.

మొదటి బూడిదరంగు బండి వచ్చిన రోజు అక్క దాని ఒళ్లు తడుముకుంటూ ఉండగానే తలుపులు మూసుకున్నాయి.

"రేపట్నుంచి నేను దిగబెడతాలే అక్కా," అంది టేపమ్మ.

"నన్నా? జడలు వేసి నిన్ను బడికి లాక్కెళ్లిందాన్ని! నువ్వు నా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఆ కొట్లో పనే మానేస్తా."

అక్క అన్నంత పనీ చేసే మనిషి.

మర్నాడు టేపమ్మ మేస్త్రిని పట్టుకుంది.

"డిజైను ఖరారైపోయిందమ్మా, నా చేతిలో ఏముంది?" అన్నాడాయన.

"తలుపులు బూడిదే కొడతా. గుమ్మం లోపలి అంచుకు మాత్రం ముందే టేపు వేసేస్తా. పాత పసుపు అక్కడ అలాగే ఉంటుంది."

ఒక బండికి చేసి చూపించింది. మేస్త్రి తలుపు మూశాడు, ఏమీ లేదు. తెరిచాడు, రెండు పక్కలా నిలువెత్తు పసుపు.

"మూస్తే పైవాళ్ల డిజైను, తెరిస్తే నీదీనా!" అని నవ్వాడు. "పైవాళ్లను అడుగుతా. వద్దన్నారంటే మళ్లీ కొట్టేది నువ్వే, ముందే చెప్తున్నా."

పైవాళ్లు వద్దనలేదు.

ఆ బండి బయటికొచ్చిన పొద్దున టేపమ్మ స్టాపులో స్తంభం చాటున నిలబడింది. ట్రాము ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. అక్క మెడ ముందుకు చాపి, ఒక్క క్షణం ఆగి, తిన్నగా వెళ్లి ఎక్కేసింది. ఎక్కి వెనక్కి తిరిగింది.

"ఒసేయ్, స్తంభం వెనక నువ్వే కదూ! నీ రంగు వాసన ఇక్కడిదాకా కొడుతోంది. పనికి పోవే!"

తలుపులు మూసుకున్నాయి. నిండా బూడిదరంగై బండి కదిలింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరిని టేపమ్మ మెల్లగా వదిలింది.