మంచులో అడుగుల అచ్చు

ఇందులో కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి. జరిగింది జరిగినట్టు రాయడం తప్ప ఇంకోటి చేతకాదు. అయినా ఆ రాత్రి సంగతి చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది...

మాది పాతబస్తీలో శాలిబండ. అచ్చు యంత్రాల మధ్య పనిచేసి రిటైరయ్యాను. పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్లో, ఫ్రేముల కుప్పలో నాకొక జపాన్ బొమ్మ దొరికింది. బొమ్మను చెక్క మీద చెక్కి, ఒక్కో రంగుకు ఒక్కో పలక పెట్టి, చేత్తో రుద్ది అచ్చు తీసింది. అప్పటి నుంచి అలాంటి బొమ్మల గురించి చదవడమే నా పిచ్చి. నా బొమ్మలో మంచు కురిసిన రాత్రి. ఒక ఇల్లు. మూసిన తలుపు. కిటికీలో కాస్త పసుపు వెలుతురు. మనిషి జాడ లేదు. తలుపు నుంచి కింది అంచు దాకా అంతా మంచే... అంటే రంగు పడని ఒట్టి కాగితం.

ఇలాంటి బొమ్మల్లో ఒక కిటుకుంది. కొన్నిటిలో రంగు పూయని పలకను కాగితానికి నొక్కుతారు. అలా పడిన గుంతలు ఎదురుగా చూస్తే కనిపించవు. దీపాన్ని పక్కన, బాగా కిందకు పెడితే నీడలు పడి తేలతాయి. నా బొమ్మను అలా ఎన్నోసార్లు చూశాను. అందులో అలాంటి అచ్చు లేదు. ఇది గుర్తుంచుకోండి.

నా ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంటికి శుక్లం వచ్చింది. తెల్లవారితే ఆపరేషన్. అది కూడా పోతే...? పడుకుంటాను, లేస్తాను, మళ్లీ పడుకుంటాను. చివరికి ముందు గదిలోకి వెళ్లి ఫ్రేములోంచి బొమ్మను తీశాను. ఇదే ఆఖరి చూపేమో అని.

బల్ల మీద పరిచానో లేదో, కరెంటు పోయింది.

ఫోన్ టార్చి వేసి బల్ల మీదే పక్కన పెట్టాను.

మంచులో... అడుగులు.

తలుపు దగ్గర మొదలయ్యాయి. జంట గీతలు. జపాన్ వాళ్ల చెక్క చెప్పుల కింద రెండు పట్టీలుంటాయి. మంచులో నడిస్తే అలాగే పడతాయి. కన్ను నలిపాను. ఉన్నాయి. టార్చి జరిపాను. నీడలూ జరిగాయి. కంటిలోని పొరే అయితే నీడ ఎందుకు జరుగుతుంది?

అప్పుడే గల్లీలో వినిపించింది. టక్... టక్...

బండ మీద చెక్క మోగినట్టు. బక్రీద్ దగ్గరపడింది. ఎదురింట్లో ఉండే, ఆటో నడిపే యూసుఫ్ భాయ్ మేకలు తెచ్చాడు. అవే తిరుగుతున్నాయి అనుకున్నాను. మళ్లీ కాగితం వైపు చూశాను.

అడుగులు సగం దాకా వచ్చాయి.

ఇందాక తలుపు దగ్గరే ఉన్నాయి. చూశాను... చూశాననే అనుకుంటున్నాను.

టక్...

టక్...

తొందర లేని నడక. మేక అలా నడవదు. ఒక్కో చప్పుడుకు నా కన్ను కాగితం మీద కిందకు జారుతోంది. కింది అంచుకు... అంటే నా వైపుకు. చప్పుడు మా గడప ముందు ఆగింది. కాగితం మీద చివరి అడుగు అంచును ఆనుకుని ఉంది. దాని తర్వాత బల్ల. బల్ల తర్వాత నేను.

ఊపిరి బిగబట్టాను. తలుపు అవతల కూడా ఎవరో బిగబట్టినట్టే ఉంది.

"ఏందయ్యా, ఇంకా పండలేదా?"

అదిరిపడ్డాను. నా భార్య కమల. నా చెయ్యి తగిలి ఫోన్ కింద పడింది. అంతా చీకటి.

"పొద్దుగాల ఆపరేషన్ పెట్టుకొని గీ జపాన్ కాయితం ముంగట కూసున్నవా? రేపు డాక్టర్ సాబ్‌కు గూడ చూపిస్తవా ఏంది?"

తడుముకుంటూ బల్ల దాకా వచ్చింది.

"కాయితం ముట్టకు!" అన్నాను.

ముట్టనే ముట్టింది.

"గివేంది... గుంతలున్నయి? రెండ్రెండు. మేక కాళ్ల లెక్క."

అడుగుల సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ఒక్క మాట కూడా. ఒట్టు.

కరెంటు వచ్చింది. ఆమె వేలు ఇంకా కాగితం మీదే ఉంది. దాని చుట్టూ మంచు తెల్లగా, నున్నగా ఉంది. వీధి తలుపు తీసి చూసే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

పొద్దున యూసుఫ్ భాయే మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"రాత్రి నీ మేకలు మస్తు తిరిగినయి భాయ్," అన్నాను మామూలుగా.

"నా మేకలా? అరె సాబ్, వానొస్తదని నిన్న పొద్దుగూకకముందే దబీర్‌పురాల మామ ఇంట్ల కట్టేసొచ్చిన. గల్లీల ఒక్కటి గూడ లేదు. ఆపరేషన్ అంటే గింత ఫికరా? మేకలు కలలకొస్తున్నయా?"

నవ్వాను. కమల నవ్వలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పట్టీ విప్పాక సూది బెజ్జం కూడా కనిపిస్తోంది. ఇంటికొచ్చి బొమ్మను తీశాను. గది చీకటి చేసి, టార్చి పక్కన పెట్టి చూశాను. ఏమీ లేదు. నున్నటి మంచు.

"చూసినవా, ఏం లేదు," అన్నాను.

కమల దగ్గరకు వచ్చి వేలు పెట్టింది. తలుపు దగ్గర నుంచి కిందకు నెమ్మదిగా జరిపింది. అంచు దగ్గర ఆగింది. చటుక్కున చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"నువ్వే పెట్టి చూడు," అంది. తన వేలికి ఏం తగిలిందో ఇప్పటికీ చెప్పదు.

వేలికి గుంతలు తగిలితే... బాగైందన్న ఈ ఒక్క కంటిని ఇక ఎలా నమ్మను? తగలకపోతే, ఆ రాత్రి కమల వేలికి తగిలింది ఏమిటి, మా గడప ముందు ఆగింది ఏమిటి?

బొమ్మ బల్ల మీదే ఉంది. రోజూ చెయ్యి చాపుతాను. కాగితం దాకా వెళ్తుంది... అక్కడ ఆగిపోతుంది.