పులికంప, అడవిపంది, పెదనాన్న తలపాగా

నరసరావుపేటలోని మా ఇంటికి మొన్న మనుమరాలు నర్సరీ నుంచి ఒక పూలకుండీ తెచ్చి, ఎరుపూ పసుపూ కలగలిసిన ఆ గుత్తులను మురిపెంగా చూపించగానే నా ఒళ్ళు భగ్గుమంది. మా ఈడువారు ఈపాటికి ఆనవాలు పట్టే ఉంటారు. అది పులికంప, చేలగట్ల మీద అల్లుకుపోయే ముళ్ళపొద.

మా మెట్టచేలు బొల్లాపల్లి అవతల కొండవాలున ఉండేవి. వేరుశనగకు ఊడలు దిగే అదనులో, గట్టుమీది పులికంప పొదలోంచి అడవిపంది ఒకటి దూసుకువచ్చి, పెదనాన్న తొడ చీల్చి, జారిపడిన తలపాగాను బురదలో తొక్కి పోయింది. గాయం మానింది గాని ఊరివారి నోళ్ళు మూతపడలేదు. "ఏంది బావా, పంది నీ పాగా చుట్టుకొని పెళ్ళికి పోయిందంటగా!" అని వరసైనవాళ్ళు నవ్వితే, దాన్ని చంపిందాకా తలకు గుడ్డ చుట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో పాగా లేని పెద్దమనిషి నలుగురిలో ఎంత చిన్నబోయేవాడో మీకు చెప్పనక్కరలేదు.

పందీ, పులికంపా, ఆ రెంటిలో ఏది పెద్ద శత్రువన్నది మా ఇంట ఎడతెగని వాదం. పెదనాన్న పగంతా పందిమీదనే. పెద్దమ్మ మాత్రం, "అది ఎదురొచ్చి కొట్టింది, దానికి రోషముంది. ఈ ముదనష్టపుది పూలు చూపిస్తా దాన్ని కడుపులో దాచుకుంది" అని పళ్ళు కొరికేది. నేను పెద్దమ్మ పక్షం. పంది కోపం దాని మొహంమీదనే కనబడుతుంది. పులికంప నవ్వుతూనే గీరుతుంది. ఒక వేసవిలో అందరమూ కలిసి పొదకు నిప్పు పెట్టాం. తొలకరికి అది మునుపటికంటె దట్టంగా చిగిర్చి పూసింది. ఆ నీడలోకే పంది, పిల్లలతో సహా తిరిగివచ్చింది.

పెదనాన్న వట్టి తలతోనే పోయాడు. పాడెమీద పాగా చుట్టబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డుపెట్టింది. "పంది చచ్చిందా? ఒద్దు!" అని ఆ గుడ్డను మడిచి, నా కళ్ళలోకి చూస్తూ నా చేతిలో పెట్టింది. ఆ చూపు నాకు అర్థమైంది.

ఇప్పుడా కొండను క్వారీవాళ్ళు తొలిచేశారు. పొదా లేదు, పందీ లేదు. నేను తీర్చుకోవలసిన పగను ఏదో యంత్రం, ఎవరిదో తెలియకుండానే, తీర్చేసి పోయింది. అందుకే రోజూ పొద్దున్నే కత్తెర పట్టి ఈ కుండీలోని గుత్తులన్నీ తెగ్గోస్తున్నాను. మనుమరాలేమో, "తాతయ్య చేతి చలవ, ఎంత గుబురుగా వస్తోందో చూడండత్తా!" అని పక్కింటావిడను పిలుచుకువస్తోంది. నిజమే, కోసినకొద్దీ పూస్తోంది. పాగా ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఎగతాళి చేసిన బావలందరూ వెళ్ళిపోయాక, దాన్ని చుట్టుకొని ఎవరి ఎదుట నిలబడను?