కొండ కింద కట్టేసిన గుర్రం

ఆ రోజుల్లో, అంటే ఇంటర్ పరీక్షలు రాసేసి ఫలితాలకు భయపడుతూ గడిపిన వేసవిలో, నాకు రెండే లోకాలు. ఒకటి కడియంలో మా నాన్నగారి నర్సరీ. రెండోది రాజమండ్రి పిన్ని ఒక్కొక్కటే ఇచ్చే ఇంగ్లీషు నవలల వరస. మాంత్రికులు, మాట్లాడే అడవులు, మంచుకొండ మీద నిప్పులు కక్కే డ్రాగన్! ఆ రచయిత ఎంత గొప్పవాడంటే, కథలో ఓ ముసలమ్మ గుమ్మంలో చెప్పులు విడిస్తే రెండు పుస్తకాల తరవాత కూడా ఆ చెప్పులు ఆయనకు గుర్తుంటాయి. ఆయనంటే నాకు భక్తి. (అందులో పదో వంతు ఫిజిక్స్ మీద ఉంటే బాగుపడేదాన్నని అమ్మ అనేది.)

నర్సరీలో ఆడవాళ్లు షెడ్డు నీడన కూర్చుని మొక్కల కవర్లలో మట్టి నింపేవారు. చేతులకే గదా పని, చెవులు ఖాళీయే. నేను పక్కన చేరి ఆ కథ తెలుగులో చెప్పేదాన్ని. మంచుకొండంటే ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు గనక దాన్ని మా దగ్గరి కోరుకొండ చేసేశాను. రుచి మరిగాక, పక్క నర్సరీవాళ్లు ఎంత పిలిచినా ఒక్కరూ కదల్లేదు. నాన్నగారు నన్ను "లోపలికెళ్లి చదువుకో" అనడం మానేశారు.

తీరా ఆఖరి పుస్తకం దగ్గర పిన్ని చేతులెత్తేసింది. "కొవ్వూరులో మా స్నేహితురాలు పట్టుకెళ్లిందే, సెలవులయ్యాకే ఇస్తుంది" అంది. ఇక్కడేమో లారీకి మొక్కలు సిద్ధం కావాలి. గులాబీలకు అంట్లు కట్టే మా గులాబీలత్త ముఖం మీదే చెప్పేసింది. "ఇయ్యాల ఆఖరు చెప్పకపోతే రేపు పక్కోళ్ల తోటకి పోతామండి అమ్మాయిగారూ!" వెనక నాన్నగారు నాకు దణ్ణం పెట్టినంత పనిచేశారు.

ఏం చేస్తాను, కల్పించాను. ముందు పుస్తకం చివర గుర్రాన్ని కొండ కింద కట్టేసి పైకెక్కిన రాజకుమారుడు డ్రాగన్‌ని చంపాడు, పల్లకీలో ఊరేగుతూ వెళ్లి పట్టాభిషేకం చేయించుకున్నాడు. అందరూ మురిసిపోయారు. గులాబీలత్త మాత్రం మట్టి చేత్తో అలాగే ఆగిపోయింది.

"మరి గుర్రం ఏవయ్యిందండి?"

"ఏ గుర్రం అత్తా?"

"కొండ కింద కట్టేశాడు గదండి. పాపం, దానికి నీళ్లెవరు పెట్టారు?"

అంతే, అందరి చేతులూ ఆగిపోయాయి. "రేపు చెప్తాను" అని తప్పించుకుని, ఆ సాయంత్రం జీవితంలో మొదటిసారి కథ రాయడానికి కూర్చున్నాను. గుర్రం తాడు కొరుక్కుని కడియం వచ్చి, మా గులాబీలన్నీ మేసి, నాన్నగారి చేత తిట్లు తిని వెళ్లింది. మర్నాడు షెడ్డంతా ఒకటే నవ్వు.

సెలవులయ్యాక అసలు పుస్తకం వచ్చింది. గబగబా చివరికి తిప్పాను. రాజకుమారుడు కిరీటం కోసం వెళ్లలేదు. ముందు కొండ దిగొచ్చి, గుర్రం కట్టు విప్పి, నీళ్లు పెట్టాడు. ఒక్కటే వాక్యం. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అంత పెద్ద యుద్ధం రాస్తూ కూడా ఆ మహానుభావుడు దాని దాహం మరిచిపోలేదు. రాస్తే ఇలా రాయాలి అనుకున్నాను.

మొన్న నా మొదటి నవల వచ్చింది. గులాబీలత్త మనవరాలి చేత చదివించుకుని ఫోన్ చేసింది. "బాగుందండి అమ్మాయిగారూ. కానీ ఆ పడవతను పొద్దున్నుంచీ రేవులోనే ఉండిపోయాడేంటండి? అన్నం తిన్నాడా?"

"రెండో భాగంలో తింటాడు అత్తా" అనేశాను. రెండో భాగం రాయాలన్న ఆలోచనే నాకు లేదు. ఫోన్ పెట్టేసి, షెడ్డులో బిక్కమొహం వేసిన ఆ వేసవి పిల్లను తలుచుకుని నవ్వుకుంటూ కాగితాలు ముందేసుకున్నాను. మొదటి వాక్యంలోనే పడవతనికి అన్నం పెట్టాను.