కాలు తగిలితే

ఇప్పటికీ కుర్రాళ్ళు బంతి తన్నుతుంటే చూస్తూ నిలబడలేను. నా తమ్ముడు గుర్తొస్తాడు.

మలయా దేశంలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో పుట్టి పెరిగాం. పగలంతా కాయల పీచు ఒలవడం, సాయంత్రమైతే ఫుట్‌బాల్. మలాయి మాటల్లోనే బంతిని బోలా అని, మైదానాన్ని పాడంగ్ అని అనేవాళ్ళం. టౌను బళ్ళో కొన్నాళ్ళు చదివి ఆట నేర్చుకున్నవాణ్ణి కనక, మిగతావాళ్ళకు నేర్పే పని నా నెత్తిన పడింది. వచ్చే బంతిని అరికాలి కింద ఆపడం, పాదం లోపలివైపుతో పక్కవాడికి అందించడం, తల దించకుండా పరిగెత్తడం. పైగా నా నోరు మంచిది కాదు. తిట్టకుండా ఏదీ నేర్పలేదు.

తమ్ముడు అన్నీ ఇట్టే పట్టేశాడు. వాడి ఎడమకాలు దేవుడిచ్చిన వరం. ఒక్కటే వాడివల్ల కాలేదు. అవతలివాడికి కాలు తగిలితే చాలు, ఠక్కున ఆగి, వంగి, అతన్ని తాకి, చెయ్యి కళ్ళకద్దుకునేవాడు. ఈలోగా బంతి పోయేది. అమ్మ పెంపకం మరి. మనిషికే కాదు, బియ్యం బస్తాకు కాలు తగిలినా మేం కళ్ళకద్దుకోవాల్సిందే.

కౌలాలంపూర్‌లో ఒక కార్ఖానా జట్టుకు ఆటగాళ్ళు కావాలని, ఎంపికైతే అక్కడే పని ఇస్తారని ఎస్టేటులో లెక్కలు రాసే కిరాణీ చెప్పాడు. ఆ ఒలుపు పని తప్పించుకోవడానికి తమ్ముడికి దొరికిన దారి అదొక్కటే. ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. రోజూ ఇంటి ముందు వాడికి అడ్డంగా నిలబడి నా పిక్కల మీద తన్నించుకునేవాణ్ణి.

"తన్నెహె! వొంగినావంటే సంపేత్తాను!"

గుమ్మంలోంచి అమ్మ గోల పెట్టేది. "అన్న ఒంటిమీద కాలెయ్యమంటావేట్రా? ఆడి కళ్ళు పోతాయి!"

వాడు ఏడుపు మొహంతోనే తన్నేవాడు. చెయ్యి కిందికి రాబోయి ఆగేది.

ఎంపిక ఆటలో ఒక మలాయి కుర్రాడికి వాడి కాలు గట్టిగా తగిలింది. తమ్ముడు వంగలేదు. దూసుకుపోయి గోలు కొట్టాడు. నేను చిన్నపిల్లాడిలా గెంతాను. తీరా విజిల్ ఊదాక చూస్తే, వాడు పాడంగంతా తిరిగి, తన కాలు తగిలిన ఒక్కొక్కరినీ తాకి కళ్ళకద్దుకుంటున్నాడు. ఆ మలాయి కుర్రాడు ఏమీ తోచక సలాం పెట్టాడు.

"ఇదేట్రా?" అన్నాను.

"ఆట అయిపోనాది గదా అన్నియ్యా," అన్నాడు.

వాణ్ణి తీసుకున్నారు. వానలు తగ్గాక రమ్మన్నారు. ఆ వానల్లోనే వాడికి చలిజ్వరం పట్టుకుంది. క్వినైన్ మింగించినా తగ్గలేదు. ఎస్టేటు ఆసుపత్రిలో వాడి కాళ్ళు పడుతూ కూర్చున్నాను. ఎలాంటి కాళ్ళు, పుల్లల్లా అయిపోయాయి. వణుకులో ఎడమకాలు ఎగిరి నా రొమ్ముకు తగిలింది. తమ్ముడు కళ్ళు తెరిచి నావైపు చెయ్యి చాపాడు. అది సగంలోనే పడిపోయింది.

"వొంగకూడదని సెప్పినాను గదరా," అన్నాను, నవ్విద్దామని.

"ఇది పాడంగ్ కాదు గదా అన్నియ్యా."

ఆ చేతిని నేనే పట్టుకుని, నా రొమ్ముకు తాకించి, వాడి కళ్ళకద్దాను. కళ్ళు కాలిపోతున్నాయి. మర్నాడు పొద్దున వాటిని మూసింది కూడా నేనే.