తాలింపు లేని పప్పు

మా మేడ కింద కర్రీ పాయింట్ నడిపే అమలమ్మ గారితో నాకు రోజూ ఏదో ఒక పేచీ ఉంటుంది. వేపుడులో నూనె ఎక్కువైందనో, సాంబారు నీళ్ళలా ఉందనో. ఆవిడా తక్కువ తినలేదు, "అయితే నువ్వే వండుకో తల్లీ" అంటారు. కానీ నిజంగా ఒళ్ళు మండింది మాత్రం ఒక్కసారే.

మా గుణదలలో ఆవిడకు తెలియని గడప లేదు. చాలా ఏళ్ళ కిందట భర్త అంతోని గారితో పామర్రు దగ్గర్నుంచి వచ్చారు. ఆయన ఆటోనగర్‌లో వెల్డింగు పనిచేసేవారు. ఈ వీధిలో దిగిన కొన్నాళ్ళకే గుండెపోటుతో పోయారు. వీధిలోవాళ్ళు అందరూ వచ్చారు, చూశారు, వెళ్ళారు. ఎవరో ఒకరు అన్నం తెస్తారులే అని ఎవరికి వారే అనుకోవడంతో ఎవరూ తేలేదు. ఇద్దరు ఆడపిల్లలు మంచినీళ్ళు తాగి పడుకున్నారు. ఆవిడ దాన్ని మర్చిపోలేదు. అప్పట్నుంచి ఏ ఇంట చావు జరిగినా ముందు చేరేది ఆవిడ క్యారేజీయే. హిందువుల ఇంటికైతే పప్పుకు తాలింపు పెట్టరు. మైల రోజుల్లో మా ఇళ్ళల్లో తాలింపు వెయ్యరని ఆవిడకు తెలుసు. మా పద్ధతులు మా కోడళ్ళకన్నా ఆవిడకే బాగా తెలుసు.

మాది వన్‌టౌన్‌లో బట్టల కొట్టు. కిందటేడు మా ఆయన జయకృష్ణ పెళ్ళిళ్ళ సీజనుకు సరుకు కొనడానికి ఉత్తరాదికి వెళ్ళారు. ఆ ఊరి పేరు రాయను. ఆయన వెళ్ళిన బజారులోనే మధ్యాహ్నం ఉగ్రవాదులు బాంబులు పేల్చారు. టీవీలో పొగ, పరుగులు, రోడ్డు నిండా చెప్పులు. ఈయన ఫోను స్విచాఫ్. హెల్ప్‌లైనుకు చేస్తే వివరాలు రాసుకున్నారు, అంతే. వీధంతా మా హాల్లోకి వచ్చి కూర్చుంది. ఒకరు టీవీ కట్టెయ్యమంటారు, ఒకరు ఉంచమంటారు. వాట్సాప్‌లో ఏ వీడియో వచ్చినా అందరూ ముందు నా మొహం చూసేవాళ్ళు.

సాయంత్రం అమలమ్మ గారు మోకాళ్ళ నొప్పులతో ఆగి ఆగి మేడెక్కి వచ్చారు. కంచంలో అన్నం పెట్టి పప్పు వడ్డించారు. ఒక్క ఆవగింజ లేదు, ఎండుమిరపకాయ లేదు.

"ఎవరు పోయారని తెచ్చారండీ ఇది?" అన్నాను.

ఆవిడ గరిటె దించి కంచంకేసి చూశారు.

"టీవీవాళ్ళు చెప్పలేదు, పోలీసులు చెప్పలేదు. మీరు మాత్రం తేల్చేశారు. తీసుకెళ్ళండి."

హాల్లో అందరూ బిత్తరపోయారు. ఆవిడ "తప్పయిపోయిందమ్మా" అని గిన్నె పట్టుకుని నేరుగా నా వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి ఆవాలు చిటపటలాడాయి, ఇంగువ వాసన ఇల్లంతా కమ్ముకుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. ఈ ఇంట్లో ఎవరూ పోలేదని ఆ రోజు నాతో గట్టిగా చెప్పింది ఆ వాసన ఒక్కటే.

"ఆయన వచ్చేసరికి నువ్వు నిలబడి ఉండాలిగా తులసమ్మా, తిను" అంటూ ముద్దలు కలిపి పెట్టారు. తిన్నాను. ఆ రాత్రి ఆవిడ మా హాల్లోనే చాపేసుకుని జపమాల తిప్పుతూ ఉండిపోయారు.

తెల్లవారాక కూరలు తరగాలని కిందికి వెళ్ళారు. అంతలోనే మెట్ల మీద మళ్ళీ ఆవిడ అడుగులు. ఈసారి ఎక్కడా ఆగలేదు. తన ఫోను నా చేతిలో పెట్టి గుమ్మంలోనే కూలబడ్డారు.

మా ఆయన గొంతు. పరుగులో ఫోను పోయిందట. ఎవరో దర్జీ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాగి, తెల్లారేదాకా దాచి, రొట్టెలు పెట్టాడట. రాత్రంతా లేని నెట్‌వర్కు పొద్దున్నే వచ్చిందట. దర్జీ తన ఫోను ఇచ్చాడు గానీ, ఈయనకు నా నంబరు గుర్తు లేదు. రోజూ ఇంటికొస్తూ చూసే కర్రీ పాయింట్ బోర్డు మీది నంబరు మాత్రం నోటికొచ్చు. ఇన్నేళ్ళ కాపురానికి ఇదా నా విలువ అని తర్వాత దెప్పాను లెండి. ఆ దర్జీకి, ఆ బోర్డుకి, ఏడుకొండలవాడికి, మా గుణదల కొండ మీది మరియమాతకి కలిపి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ బజారులో పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఫోను మోగలేదు, మా కింద మోగింది. అది మా గొప్పేమీ కాదు.

గుమ్మంలో అమలమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. "బంగారంలాంటి మనిషిని నిన్ననే చంపేశాను తల్లీ" అంటున్నారు.

అది ఫోనులో ఆయనకు వినపడింది. "ఎవరు, ఎవర్ని?" అన్నారు.

"వచ్చాక చెప్తాను" అన్నాను.

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను. అమలమ్మ గారు పెట్టారు."

ఆ మాటకి ఆయన ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా నేనెప్పుడూ వినలేదు. ఊరుకోమనలేదు నేను, ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. ఆయన ఏడుస్తుంటే నాకు సంతోషంగా ఉంది. పోయినవాళ్ళు ఏడవరు కదా.