ఠాణా కాగితంలో నా మాట

నేను ఠాణాలో చెప్పాను. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే దాదాపు పదేళ్ళు మా ఊళ్ళో ఎవరూ దాన్ని నమ్మలేదు. నా తోడబుట్టిన అక్క కూడా నమ్మలేదు.

నిజాం రాజ్యం మారకముందు నేను తాండూరు, ధారూరు మధ్యలో ఒక ఊరికి కావలి మనిషిని. వారానికోసారి తాండూరు ఠాణాకు పోయి ఊళ్ళో సంగతులు నోటితో చెప్పాలి. మున్షీ ఉర్దూలో రాసుకునేవాడు, నేను వేలిముద్ర వేసేవాణ్ణి. అప్పటికి నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు.

1948 వానాకాలంలో నాపరాళ్ళ గని పక్కన పాడుబడ్డ కొట్టంలో ఎవరో వచ్చి దిగారు. రాళ్ళు కొట్టేవాళ్ళమని చెప్పారు. నేను వాళ్ళ అరచేతులు చూశాను. రాయి కొట్టే చేతికి కాయలుంటాయి, గోళ్ళలో తెల్లటి పొడి ఉంటుంది. వీళ్ళ చేతులు పటేలు చేతుల్లా మెత్తగా ఉన్నాయి. మరునాడే ఠాణాకు నడిచాను. మున్షీ మా వైపు వాడు కాదు, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది. “గని కాడ కొత్త మంది దిగిన్రు, నాకు అనుమానమున్నది” అని రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు, రాశాడు. నేను వేలు అద్ది వచ్చాను.

ఎవరూ రాలేదు. ఐదో రోజు మా ఊరి వారపు అంగడి మీద ఆ గుంపు తుపాకులతో పడింది. చచ్చినవాళ్ళలో అక్క మొగుడు, మా బావ ఒకడు. ఉల్లిగడ్డలు తూచుతూ తూచుతూ పడిపోయాడు.

తరువాత ఊరు నావైపు చూసింది. కావలివాడికి తెలియకుండా ఇంతమంది ఎట్లా దిగారని అడిగారు. చెప్పాను అంటే, చెప్తే ఠాణావాళ్ళు రారా అన్నారు. నన్ను ఎవరో కొనేశారని కూడా అన్నారు. అక్క ఒక్కసారే అడిగింది. “నిజం చెప్పు తమ్మీ, ఠాణాల చెప్పినవా, నడుమల చెట్టుకింద పండుకొని వచ్చినవా?” చెప్పిన అన్నాను. అటు తిరిగి కూర్చుంది. ఆనాటి నుంచి నా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే. చదువు మీద ప్రేమతో కాదు. నా వేలిముద్ర మీద ఏం రాశారో నా కళ్ళతో చూడాలి. అప్పటికి నలభై దాటాయి. బడి పంతులు మధ్యాహ్నం అన్నం తినే వేళ ఆయన అరుగు మీద కూర్చుని దిద్దాను. తాత బడికి పోతున్నడని ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

చదవడం వచ్చాక తాండూరు చాయ్ హోటల్లో పత్రిక పట్టుకునేవాణ్ణి. ఒకరోజు అందులో మా అంగడి సంగతి ఉంది. దాడికి ముందు కబురు అందిందా, అందితే ఎవరు తొక్కిపెట్టారు, శాసనసభే విచారించాలి అని ఒక సభ్యుడు పట్టుబట్టాడట. ఇన్నేళ్ళకు గుర్తొచ్చిందంటే ఎన్నికలు దగ్గరికొచ్చాయన్నమాట అనుకున్నాను. అయినా విచారణకు రమ్మని నోటీసు వస్తే వికారాబాద్ రైలెక్కాను.

బంగళాలో కమిటీ కూర్చుంది. ఒక అధికారి పాత కట్ట విప్పి కాగితం తీసి, ఇది నీ ముద్రేనా అన్నాడు. చదువుదామని దగ్గరికి పోయి వంగాను. అంతా ఉర్దూ. పంతులు నేర్పిన అక్షరం ఒక్కటీ అందులో లేదు. ఠాణాలో ఉర్దూలో రాసేవారని తెలిసి కూడా, తెలుగు నేర్చి దాన్ని చదువుతాననుకున్న మూర్ఖుణ్ణి నేను.

అధికారి చదివి అర్థం చెప్పాడు. గని దగ్గర కొత్త మండీ పడింది, అంతా ఖైరియత్, అంటే క్షేమమే. కుర్చీల్లో ఒకాయన నవ్వాడు. నాకు నమ్మకం కుదరలేదు. వేరేవాళ్ళతో చదివిస్తాను అన్నాను. విసుక్కున్నారు కానీ ఒప్పుకున్నారు. గేటు బయట ఉన్న టాంగా ముసలాయనను నేనే పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళు చికిలించి చదివాడు. “నయీ మండీ అనే రాసుంది భాయ్. మండీ అంటే గంజ్.”

నేను మంది అన్నాను. మున్షీ మండీ అని రాశాడు. మనుషులు పోయి బజారు వచ్చింది.

భాష తెలియని మున్షీ పొరపాటు, ఇందులో కుట్ర లేదు అని వాళ్ళు తేల్చేశారు. నా వాంగ్మూలం తెలుగులో రాసి సంతకం పెట్టమన్నారు. ఈసారి అక్షరం అక్షరం చదివాను. ‘సాక్షి స్పష్టంగా తెలుపలేదు’ అని ఉంది. కలం కింద పెట్టాను.

“కొత్త మంది దిగిన్రని చెప్పిన. అట్లనే రాయిండ్రి. లేకుంటే నేను పెట్టను.”

“అర్థం ఒకటేనయ్యా” అన్నాడు అధికారి.

“ఒకటే అయితే నా మాటనే రాయిండ్రి సారూ.”

గొణుక్కుంటూ కొట్టేసి, ‘కొత్త మంది దిగిన్రని సాక్షి చెప్పాడు’ అని రాశాడు. అప్పుడు పెట్టాను సంతకం.

ఊరికి వచ్చి నేరుగా అక్క ఇంటికి పోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. జొన్నలు చెరుగుతూ వింది. చేట ఆగింది.

“కొత్త మండీ పడ్డదని రాసిన్రా?”

“ఆ.”

“ఊళ్ళె నాలుగు గంపలు దింపితే సర్కారోళ్ళు పన్నుకు ఉరికొచ్చేటోళ్ళు గద తమ్మీ. కొత్త మండీ పడ్డదంటె చూడనీకి ఒక్కడన్న ఎందుకు రాలే?”

నాకు ఆ ప్రశ్న తట్టలేదు. కమిటీలో అంత చదువుకున్నవాళ్ళకు తట్టలేదో, తట్టినా మింగారో తెలియదు. పొరపాటు అంటే నేనూ తల ఊపి వచ్చాను.

మరునాడు పొద్దున్నే అక్క మా ఇంటికి వచ్చింది. నేను తెచ్చిన పోస్టుకార్డు మీద ఆ ప్రశ్న, విచారణ అడిగిన ఆ సభ్యుడికి నాచేత రాయించింది. ఒక్కో మాట రాసిన తరువాత దాని మీద వేలు పెట్టి, ఇది ఏం మాట అని అడిగింది. రాసీ చదివీ నాకు గొంతు ఎండింది. తను లేచి కుండలో చెంబు ముంచి, ముందు తను తాగి, నాకిచ్చింది.